పలక మీది బొమ్మ ఏమి చెబుతుంది?



బోధన్‌కూ బాన్సువాడకూ నడుమ ఉన్న కోటగిరి ప్రాంతంలో మేము సంఘ సేవ చేస్తున్నాము. ఆదివారం ఆరాధన ముగిసి అందరూ ఇండ్లకు వెళ్లిన తరువాత మాకు ఒక అలవాటు ఉన్నది. సండే స్కూలు పిల్లలు విడిచిపోయిన పలకలను, కాగితాలను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకొని చూస్తాము. ఒక పలక మీద గుండ్రని తల, ఆ తలకే అతుక్కొని రెండు పొడుగాటి కాళ్లు ఉంటాయి. ఇంకొక దాని మీద ట్రాక్టరు, దానికి నాలుగు చక్రాలూ ఒకే వైపున ఉంటాయి. యోనా కథ చెప్పిన వారమైతే చేప కడుపులో యోనా కూర్చొని మనకు చక్కగా కనిపిస్తుంటాడు. చేప చర్మం అడ్డం వస్తుందన్న తలంపు ఆ బిడ్డకు లేదు.

ఈ బొమ్మలను చూచి మేము చాలాసార్లు నవ్వుకున్నాము. రెండుసార్లు మాత్రం వీటిని నమ్మి పెద్ద తప్పు చేశాము. ఆ తప్పులు మీ ఇంటిలో జరగకూడదని ఈ మాటలు వ్రాస్తున్నాము.

మూడేండ్ల నుండి ఆరేండ్ల లోపు బిడ్డ మనస్సు ఎంత ఎదిగిందో తెలుసుకోవడానికి వాడు గీసే బొమ్మను ఒక కొలతగా వాడే పద్ధతి లోకంలో దాదాపు నూరేండ్లుగా ఉన్నది. డిప్లొమా చదివే రోజులలో క్రైస్తవ విద్య అనే పాఠంలో దానిని గూర్చి మేమూ కొంత చదువుకున్నాము. కొంత చదువుకోవడమే మాకు చిక్కు తెచ్చింది.

బీడీల చేట పక్కన కూర్చున్న పిల్లవాడు

2012లో, బడులు తెరిచే ముందు, మా సంఘంలోని ఒక సహోదరి తన కొడుకును వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. ఆమె బీడీలు చుట్టి కుటుంబం నడుపుకొనే మనిషి. భర్త దుబాయిలో కూలి. బిడ్డకు అయిదేండ్లు నిండడానికి రెండు నెలలు తక్కువ.

"అయ్యగారూ, మా పిల్లగాడు బడికి పనికొస్తడా? మాట తక్కువ మాట్లాడుతడు. వాడకట్టోళ్లంత మొద్దోడు అంటుండ్రు. మీరు సదువుకున్నోళ్లు, జర సూసి చెప్పుండ్రి" అని అడిగింది.

చదువుకున్నవారు అన్న ఆ మాట మాకు బాగానే తోచింది. వెంటనే తెల్ల కాగితం, పెన్సిలు తెచ్చి వాని ముందు పెట్టి, "ఒక మనిషి బొమ్మ గీయి బాబూ" అన్నాము. వాడు పెన్సిలును పిడికిటిలో పట్టుకొని చాలాసేపు మా ముఖమే చూచాడు. తరువాత కాగితం చిరిగేటట్లు నాలుగు గీతలు, కలవని ఒక గుండ్రం గీసి పెన్సిలు కింద పెట్టాడు.

మేము చదివిన లెక్క ప్రకారం దానికి ఒక్క మార్కు కూడా రాదు. ఆ తల్లితో, "అమ్మా, వీడి బుద్ధి ఇంకా మూడేండ్ల పిల్లవాని బుద్ధిలాగే ఉన్నది" అని చెప్పాము. ఆమె ఏమీ అనలేదు. కొంగుతో వాని ముక్కు తుడిచి, చెయ్యి పట్టుకొని వెళ్లిపోయింది. ఆ సంవత్సరం వాణ్ణి అంగన్‌వాడీకీ పంపలేదు, బడిలోనూ వేయలేదు.

ఏడాది గడిచింది. ఒకనాడు ఆ వాడ అంగన్‌వాడీ టీచరమ్మ మాకు కబురు పెట్టింది. వెళ్లి చూస్తే ఆ పిల్లవాడు తల్లి చేట పక్కన నేల మీద కూర్చొని ఉన్నాడు. ఆమె కత్తిరించగా మిగిలిన తునికాకు ముక్కలు వాని ముందు పరిచి ఉన్నాయి. ఆ ముక్కలతో వాడు మనిషిని చేశాడు. గుండ్రటి తల, అందులో రెండు కన్నాలు చేసిన కండ్లు, నోరు, మెడ, నిలువుగా పొడుగాటి ఒళ్లు, ఒంటికి సరిగ్గా భుజాల దగ్గర అతికిన చేతులు, వేళ్లు, కాళ్లు, పాదాలు. నడుముకు బీడీ దారంతో మొలతాడు కూడా పెట్టాడు. "ఎవరు బాబూ ఇది?" అని అడిగితే, "మా బాపు. దుబాయికెల్లి వస్తుండు" అన్నాడు.

టీచరమ్మ మమ్మల్ని పక్కకు పిలిచి మెల్లగా అడిగింది. "అయ్యగారూ, ఆనాడు కాగితం ఇచ్చేముందు, ఈ పిల్లగాడు పెన్సిల్ ఎప్పుడన్న పట్టిండా అని అడిగిండ్రా?"

మేము అడగలేదు. ఆ ఇంటిలో పెన్సిలు లేదు, పలక లేదు. మా ఇంటిలోనే వాడు మొదటిసారి పెన్సిలు పట్టుకున్నాడు.

ఈ పద్ధతి ఎక్కడ పుట్టింది?

మేము అరకొరగా చదివిన ఆ పద్ధతిని కనిపెట్టినది ఫ్లోరెన్స్ గుడ్‌ఎనఫ్ అనే అమెరికా దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు. 1926లో ఆమె దీనిని గూర్చి పుస్తకం ప్రచురించారు. బిడ్డకు కాగితం, పెన్సిలు ఇచ్చి, "ఒక మనిషి బొమ్మ గీయి, నీకు చేతనైనంత బాగా గీయి" అని చెప్పడమే ఆ పరీక్ష. మాటలు అక్కరలేదు, చదువు రానక్కరలేదు, పది నిమిషాలలో అయిపోతుంది. అందువలననే అది దేశదేశాలకు త్వరగా పాకింది.

అందరూ అనుకొనేటట్లు ఈ పరీక్షలో అందానికి మార్కులు లేవు. మనిషిలో ఏమేమి ఉంటాయో బిడ్డ ఎంత గమనించాడు, ఏది దేనికి అతుకుతుందో ఎంత గ్రహించాడు అన్నదే లెక్క. ఇందుకు 51 అంశాలు ఉన్నాయి. తల ఉన్నదా? కాళ్లు ఉన్నవా? చేతులు ఉన్నవా? ఒళ్లు ఉన్నదా, దాని పొడుగు వెడల్పు కంటె ఎక్కువగా ఉన్నదా? చేతులు తలకు గాక ఒంటికే అతికినవా? మెడ, కండ్లు, ముక్కు, నోరు, వెంట్రుకలు, బట్టలు ఉన్నవా? వేళ్లు సరిగ్గా అయిదే ఉన్నవా? ఈ విధంగా ఒక్కొక్కదానికి ఒక్క మార్కు.

తరువాత లెక్క సులభం. మూడేండ్లను మొదలుగా తీసుకొని ప్రతి మార్కుకు మూడు నెలలు కలుపుతారు. అంటే నాలుగు మార్కులకు ఒక ఏడు. 8 మార్కులు వస్తే మూడేండ్లకు రెండేండ్లు కలిపి అయిదేండ్ల మానసిక వయస్సు అంటారు. దానిని బిడ్డ అసలు వయస్సుతో భాగించి, నూరుతో గుణిస్తే వచ్చేదే ఐ.క్యూ. అయిదేండ్ల బిడ్డకు 8 మార్కులు వస్తే సరిగ్గా 100.

1963లో డేల్ హారిస్ అనే పండితుడు ఈ పరీక్షను సవరించి పురుషుని బొమ్మతో పాటు స్త్రీ బొమ్మను, బిడ్డ తన సొంత బొమ్మను కూడా గీయించే పద్ధతి తెచ్చారు. మన దేశంలో ప్రమీలా ఫాటక్ గారు మన పిల్లలు గీసిన బొమ్మలను ఆధారం చేసుకొని భారతీయ బాలబాలికలకు తగిన కొలతను తయారుచేశారు. పరదేశపు పిల్లల కొలతతో మన పిల్లలను కొలవడం న్యాయం కాదని పెద్దలు ఆనాడే గుర్తించారన్న మాట. మేము కోటగిరిలో ఆ సంగతి మరచిపోయాము.

బొమ్మ ఎట్లా ఎదుగుతుంది?

బిడ్డ నడక నేర్చినట్లే బొమ్మ కూడా మెట్టు మెట్టుగా ఎదుగుతుంది. ఈ మెట్లు తెలిసిన తల్లిదండ్రులు బిడ్డను అనవసరంగా కోప్పడరు. కాబట్టి వీటిని కొంచెం నిదానంగా చెబుతాము.

ఏడాదిన్నర, రెండేండ్ల వయస్సులో బిడ్డ గీసేవన్నీ పిచ్చిగీతలే. బొగ్గు ముక్క దొరికితే గోడ, బలపం దొరికితే గడప. చెయ్యి కదిలితే గుర్తు పడుతున్నదన్న ఆనందమే వానికి చాలు. అయినా ఆ గీతలు వ్యర్థం కావు. రోడా కెలాగ్ అనే అమెరికా ఉపాధ్యాయిని చిన్నపిల్లల బొమ్మలు సుమారు పది లక్షలు సేకరించి పరిశీలించారు. పిచ్చిగీతలలోనే 20 రకాలు ఉన్నాయని, తరువాత వచ్చే ఆకారాలన్నీ వాటిలో నుండే పుడతాయని ఆమె చూపించారు. ఆ పరిశీలనను వివరించే ఆమె పుస్తకం 1969లో వచ్చింది.

మూడేండ్లు వచ్చేసరికి బిడ్డ మొదలుపెట్టిన చోటికే గీతను తెచ్చి కలిపి గుండ్రం చేయగలుగుతాడు. ఇది చిన్న విషయం కాదు. కండ్లు, చెయ్యి, తలంపు మూడూ కలిసి పని చేస్తేనే గీత వచ్చి కలుస్తుంది. ఈ వయస్సులో బిడ్డ ముందు గీసి తరువాత పేరు పెడతాడు. నిన్న "కుక్క" అన్నదాన్ని నేడు "అమ్మమ్మ" అంటాడు. అది అబద్ధం కాదు. గీతకు అర్థం ఉంటుందని వాడు అప్పుడే నేర్చుకుంటున్నాడు.

మూడున్నర, నాలుగేండ్లకు మనిషి పుడతాడు. పెద్ద తల, తల నుండే వేలాడే కాళ్లు, ఒక్కొక్కసారి చెవుల చోట చేతులు. ఒళ్లు ఉండదు. చెరువులో ఈదే తోకకప్పను పోలి ఉంటుంది కాబట్టి పండితులు దానిని తోకకప్ప బొమ్మ అంటారు. ఎన్నో దేశాల పిల్లల బొమ్మలలో ఇది కనిపిస్తుంది. తమ బిడ్డ పొట్ట గీయలేదని కంగారుపడే తల్లులు ఉన్నారు. "నీ పొట్ట ఏది బిడ్డా?" అని అడిగి చూడండి, చెయ్యి పెట్టి చూపిస్తాడు. తెలిసినదంతా కాగితం మీద పెట్టే నేర్పు ఇంకా రాలేదు, అంతే.

నాలుగు, అయిదేండ్ల మధ్య ఒళ్లు వస్తుంది, చేతులు భుజాల దగ్గరికి దిగుతాయి, వేళ్లు మొలుస్తాయి. వేళ్లు ఏడు ఉండవచ్చు, తొమ్మిది ఉండవచ్చు. అయిదు, ఆరేండ్లకు బట్టలు, జడ, చెప్పులు వస్తాయి. కింద నేల గీత, పైన ఆకాశం గీత వస్తాయి. ప్రియమైనవారు పెద్దగా ఉంటారు. ఇంటి కంటె అమ్మ ఎత్తుగా ఉన్నా ఆశ్చర్యపడవద్దు.

చేప కడుపులో యోనా కనబడటం కూడా ఈ దశకు చెందినదే. ఫ్రెంచి దేశస్థుడు లూకె 1927లో వ్రాసిన పుస్తకంలో దీనిని చక్కగా వివరించారు. చిన్నబిడ్డ తాను చూచినది గీయడు, తనకు తెలిసినది గీస్తాడు. చేపలో యోనా ఉన్నాడని వానికి తెలుసు, కాబట్టి గీస్తాడు. ట్రాక్టరుకు నాలుగు చక్రాలని తెలుసు, కాబట్టి నాలుగూ ఒకే వైపున పెడతాడు.

మనిషి బొమ్మతో పాటు వైద్యులు ఆకారాలను కూడా గీయించి చూస్తారు. ముందు బొమ్మ చూపి దానిలాగే గీయమంటారు. సుమారు మూడేండ్లకు గుండ్రం, నాలుగేండ్లకు కూడిక గుర్తు, నాలుగున్నరకు నలుపలకలు, అయిదేండ్లకు ముక్కోణం వస్తాయి. నిలువుగా నిలబడ్డ వజ్రం ఆకారం ఆరు, ఏడేండ్లకు గాని రాదు. ఈ వయస్సులన్నీ సుమారుగా చెప్పినవే. కొన్ని నెలలు ముందూ వెనుకా ఉండటం సహజం. ఒకే తల్లి కన్న ఇద్దరు బిడ్డలు కూడా ఒకే నెలలో నడవరు గదా.

బొమ్మను ఎంతవరకు నమ్మవచ్చు?

ఇక అసలు ప్రశ్న. ఒక బొమ్మ చూచి బిడ్డ తెలివిని తేల్చవచ్చునా?

2014లో ఇంగ్లండు పరిశోధకులు ఒక పెద్ద పరిశీలన ప్రకటించారు. 7,752 జతల కవల పిల్లలు నాలుగేండ్ల వయస్సులో గీసిన బొమ్మలకు మార్కులు వేసి, ఆ పిల్లల తెలివి పరీక్షలతో పోల్చారు. పదేండ్ల తరువాత, అదే పిల్లలకు పదునాలుగేండ్లు వచ్చినప్పుడు, మరల పోల్చి చూచారు. రెండు విషయాలు పూర్తిగా కలిసి నడిస్తే ఆ సంబంధాన్ని 1 అంటారు, ఏ సంబంధమూ లేకుంటే 0 అంటారు. వారికి దొరికినది నాలుగేండ్ల వయస్సులో 0.33, పదునాలుగేండ్ల వయస్సులో 0.20. అంటే బొమ్మకూ తెలివికీ సంబంధం ఉన్నది, కాని అది సన్నని దారం వంటిది. బిడ్డ భవిష్యత్తునంతా దానికి వేలాడదీస్తే తెగిపోతుంది. బొమ్మ సరిగా రాలేదని తల్లిదండ్రులు దిగులుపడవలసిన పని లేదని ఆ పరిశోధకులే స్పష్టం చేశారు.

అంతకు ముందు ఏడు, 2013లో, న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వారు నాలుగు, అయిదేండ్ల పిల్లలకు బొమ్మ పరీక్షనూ, పూర్తి తెలివి పరీక్షనూ రెంటినీ పెట్టి చూచారు. బొమ్మ పరీక్ష బాగున్న పిల్లలను వెనుకబడినవారని చెప్పింది, సహాయం అవసరమైన కొందరిని బాగున్నారని చెప్పింది. ఈ వయస్సు పిల్లల తెలివిని కొలవడానికి దీనిని వాడకూడదని వారు తేల్చారు.

పిల్లలు పెరిగే చోటు కూడా బొమ్మను మారుస్తుంది. అమెరికాలోని హోపీ అనే ఆదివాసి తెగలో 1940ల ప్రారంభంలో వేన్ డెనిస్ అనే పండితుడు ఈ పరీక్ష పెట్టగా, మగపిల్లలకు ఆడపిల్లల కంటె చాలా ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ తెగలో చిత్రాలు వేసే పని మగవారిది. మగపిల్లలు చిన్ననాటి నుండి దానిని చూస్తూ పెరిగారు. తరువాత అదే పండితుడు బొమ్మలు చూచే అలవాటే లేని ఎడారి సంచార జాతి పిల్లలను పరిశీలిస్తే మార్కులు బాగా తగ్గిపోయాయి. ఆ బిడ్డలు ఒంటెలను మేపగలరు, దారులు గుర్తుపట్టగలరు. వారి తెలివి ఆ కాగితం మీదికి రాలేదు.

మన ఊళ్లలో ఇది తలక్రిందులుగా కనిపిస్తుంది. తెల్లవారగానే తల్లి వాకిట్లో ముగ్గు పెడుతుంటే పక్కన కూర్చొని చూచే ఆడపిల్ల వ్రేళ్లకు చుక్క, గీత, గుండ్రం ముందే అలవాటు. మేకల వెంట తిరిగే పిల్లవానికి అది లేదు. ఇద్దరికీ ఒకే కాగితం ఇచ్చి ఒకే లెక్క వేస్తే ఎవరికి అన్యాయం జరుగుతుందో మీరే ఆలోచించండి.

మా రెండవ తప్పు

తునికాకు బొమ్మ చూచిన తరువాత మేము ఒక పాఠం నేర్చుకున్నామని తలంచాము. బొమ్మ బాగా లేదని ఏ బిడ్డనూ తక్కువ చేయరాదని అందరికీ చెప్పసాగాము. సగం పాఠమే నేర్చుకున్నామని 2015లో తెలిసింది.

సండే స్కూలులో నాలుగున్నర సంవత్సరాల ఆడపిల్ల ఒకతె ఉండేది. ఆమె గీసిన అమ్మ బొమ్మకు రెండు జడలు, జడలలో పూలు, చెవులకు కమ్మలు, చేతికి అయిదు వేళ్లు, చీర అంచు మీద ముగ్గు. ఊరికే లెక్కించి చూస్తే 15 అంశాలు దాటాయి. ఆ లెక్క ప్రకారం ఆమెకు దాదాపు ఏడేండ్ల బుద్ధి. సంఘమంతటి ఎదుట ఆ బొమ్మను ఎత్తి చూపించి మెచ్చుకున్నాము.

ఆ తల్లి మాత్రం ఒకసారి మాతో, "అయ్యగారూ, వెనుక నుంచి పిలిస్తె పలుకదు. మాటలు గూడ సాఫ్‌గ వస్తలేవు" అన్నది. "ఇంత చక్కని బొమ్మ గీసే బిడ్డకు ఏమి లోటమ్మా? కొందరు నెమ్మదిగా ఉంటారు" అని మేము సర్దిచెప్పాము. ఎనిమిది నెలల తరువాత అంగన్‌వాడీకి వచ్చిన ఆరోగ్య బృందం ఆ బిడ్డను పరీక్షించి పైకి పంపింది. రెండు చెవులకూ వినికిడి చాలా తక్కువని తేలింది. ఆమె లోకాన్నంతా కండ్లతోనే పట్టుకొన్నది, కాబట్టి బొమ్మ అంత నిండుగా వచ్చింది. మా మెప్పు వలన ఎనిమిది నెలలు పోయాయి. మాట నేర్చే ఈడులో ఎనిమిది నెలలు చాలా విలువైనవి.

ఒక చెడ్డ బొమ్మను నమ్మి ఒక బిడ్డను వెనుకకు నెట్టాము. ఒక మంచి బొమ్మను నమ్మి ఇంకొక బిడ్డ కష్టాన్ని చూడలేకపోయాము. ఇద్దరి తల్లులూ చెప్పిన మాటల కంటె కాగితం మీది మార్కులే మాకు పెద్దవిగా కనిపించాయి.

ఇంటిలో ఏమి చేయాలి?

అట్లయితే బొమ్మలను పక్కన పెట్టేయాలా? అవసరం లేదు. బొమ్మ తీర్పు చెప్పదు గాని మనం బిడ్డ పక్కన కూర్చొని చూడటానికి మంచి అవకాశం ఇస్తుంది. మేము ఇప్పుడు పాటిస్తున్న కొన్ని సంగతులు మనవి చేస్తున్నాము.

మొదట చేతికి అలవాటు కానివ్వండి. పలకా బలపం, బొగ్గు, సుద్దముక్క, తడి ఇసుకలో పుల్ల, ఏదైనా సరే. కొన్ని వారాలు ఇష్టం వచ్చినట్లు గీసుకోనివ్వండి. గోడ పాడైందని కొట్టవద్దు, ఒక మూల గోడను వానికే వదిలివేయండి.

గీసిన తరువాత "ఇదేంది?" అని గద్దించకుండా "దీని కథ చెప్పు బిడ్డా" అని అడగండి. బొమ్మలో లేనిది మాటలో వస్తుంది. ఆ మాటలు ఎంత స్పష్టంగా ఉన్నవో, ఎన్ని మాటలు కలిపి చెబుతున్నాడో మీకే తెలుస్తుంది. అది బొమ్మ కంటె విలువైన గుర్తు.

కాగితం వెనుక తేదీ, బిడ్డ వయస్సు వ్రాసి దాచండి. మూడు నాలుగు నెలలకు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. పక్కింటి పిల్లవాని బొమ్మతో గాని, అన్న బొమ్మతో గాని పోల్చవద్దు. నిన్నటి తన బొమ్మతోనే పోల్చండి. ఎదుగుదల ఉన్నదా లేదా అన్నదే చూడవలసినది.

బిడ్డ చెయ్యి పట్టుకొని మీరే గీయించవద్దు. అది మీ బొమ్మ అవుతుంది. నల్ల రంగు వాడితే మనస్సులో దుఃఖం ఉన్నదని, చేతులు గీయకుంటే భయం ఉన్నదని చెప్పే మాటలు కూడా నమ్మవద్దు. ఒక్క బొమ్మతో అటువంటివి తేల్చడానికి గట్టి ఆధారం లేదు. చేతిలో నల్ల రంగు తప్ప వేరొకటి లేకపోయి ఉండవచ్చు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

బొమ్మ ఎట్లా ఉన్నా సరే, ఈ గుర్తులు కనిపిస్తే వైద్యుని దగ్గరకు తీసుకొని వెళ్లండి. వెనుక నుండి పిలిస్తే పలకకపోవడం. రెండేండ్లు దాటినా రెండు మాటలు కలిపి చెప్పలేకపోవడం. పలకను ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకొని చూడటం. చెప్పిన చిన్న పనిని అర్థం చేసుకోలేకపోవడం. ఒక చెయ్యి అసలు వాడకపోవడం. ఫిట్స్ రావడం. ముఖ్యంగా, ఇంతకు ముందు వచ్చిన మాట గాని, ఆట గాని, గీత గాని పోగొట్టుకోవడం. ఇవి కనబడితే "పెద్దయితే అదే వస్తుంది" అని ఊరుకోవద్దు.

ఎక్కడికి వెళ్లాలి? ముందు మీ వాడ అంగన్‌వాడీకి వెళ్లండి. 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల మొదలైన ఆ పథకం నేడు పల్లె పల్లెలో ఉన్నది. మూడు నుండి ఆరేండ్ల బిడ్డలకు ఆటపాటల చదువు అక్కడ ఉచితం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఆరోగ్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వచ్చి బిడ్డలను పరీక్షించాలి. ఎదుగుదలలో ఆలస్యం చూడటం కూడా వారి పనిలో భాగమే. బృందం వచ్చే రోజు టీచరమ్మను అడిగి తెలుసుకొని, ఆ రోజు కూలి పోయినా సరే, బిడ్డను పంపండి. అవసరమైతే వారు జిల్లా స్థాయి కేంద్రానికి పంపుతారు.

బుద్ధి ఎదుగుదలలో నిజంగా వెనుకబాటు ఉన్నదని తేలితే సికింద్రాబాదులో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ ఉన్నది. బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో ఉన్న ఆ సంస్థలో బిడ్డలను పూర్తిగా పరీక్షిస్తారు, తల్లిదండ్రులకు శిక్షణ ఇస్తారు. అక్కడ తెలివిని ఒక్క బొమ్మతో తేల్చరు. బిడ్డ మాట, నడక, ఆట, తన పనులు తాను చేసుకొనే తీరు అన్నీ చూస్తారు, తల్లి చెప్పేదంతా వింటారు. అట్టి బిడ్డ పుట్టినందుకు ఏ తల్లీ తల వంచుకోనక్కరలేదు. ఎంత త్వరగా నేర్పడం మొదలుపెడితే బిడ్డకు అంత మేలు.

చివరిగా ఒక మాట

తునికాకు మనిషిని చూచిన నాడే మేము ఆ పిల్లవాని తల్లిని క్షమించమని అడిగాము. ఆమె చేట మీద నుండి తల ఎత్తకుండా, "మీరు చెప్పిండ్రని ఏడాది ఇంట్ల కూసోవెట్టిన అయ్యగారూ. ఆని తోటోళ్లు బడికి పోతుంటే వాకిట్ల నిలవడి సూస్తుండె" అన్నది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. మరుసటి సోమవారం మేమే వాని చెయ్యి పట్టుకొని బడికి తీసుకొని వెళ్లాము. వాడు ఇంటర్మీడియేట్ వరకు చదువుకున్నాడు. మొదటి శ్రేణి విద్యార్థి కాదు, వెనుకబడినవాడూ కాదు. అందరి పిల్లలవంటి పిల్లవాడే. ఆ ఆడబిడ్డ చెవి మిషను పెట్టుకొని బడికి వెళ్లింది. మాట ఆలస్యంగా వచ్చింది గాని వచ్చింది.

ఇప్పుడు సండే స్కూలులో కొత్త బిడ్డ చేరితే ముందు పలక చేతికిచ్చి ఊరికే ఆడుకోనిస్తాము. తల్లి వచ్చినప్పుడు ఆమెను కూర్చోబెట్టి బిడ్డ ఎట్లా తింటాడు, ఎట్లా పలుకుతాడు, దేనికి నవ్వుతాడు అని అడుగుతాము. మార్కులు వేయడం మానివేశాము.

ఈ ఆదివారం మీరు కూడా మీ బిడ్డ గీసిన బొమ్మను చేతిలోకి తీసుకోండి. తల నుండి కాళ్లు మొలిచిన ఆ మనిషి ఎవరో అడగండి. బహుశా అది మీరే కావచ్చు.